స్వర్ణయుగంలో గవ్వల బేరం

ఐదో శతాబ్దం మొదట్లో ఫాహియాన్ అనే చైనా బౌద్ధ భిక్షువు ఎడారులు, కొండలు దాటి మన దేశానికి వచ్చి ఉత్తరాదిలో ఏళ్ళ తరబడి తిరిగాడు. అప్పుడు ఏలుతున్నది రెండో చంద్రగుప్తుడు. బడి పుస్తకాల్లో ఆ కాలానికి ఉన్న పేరు స్వర్ణయుగం. ఆ గుప్తులు వేయించిన బంగారు నాణేలు ఇప్పటికీ మ్యూజియం అద్దాల వెనక మెరుస్తుంటాయి. కానీ బజారులో జనం సరుకులు కొనేది గవ్వలతో అని ఫాహియాన్ రాశాడు. చిల్లిగవ్వ అని మనం ఇప్పుడు పోలికకు వాడే మాట, ఆ కాలంలో చేతిలో ఆడిన డబ్బు.

అదేచోట ఆయన రాసినది ఇంకొకటి ఉంది. చండాలురు ఊరి బయట ఉండాలి. ఊళ్ళోకి గానీ బజారులోకి గానీ వచ్చేటప్పుడు కర్రముక్క కొట్టుకుంటూ రావాలి. ఆ చప్పుడు విని మిగతావాళ్ళు మైల తగలకుండా పక్కకు తప్పుకుంటారు. దానికి దగ్గరలోనే, ప్రజలు సుఖంగా ఉన్నారని, మరణశిక్షలు లేవని, నేరానికి తగ్గ జరిమానాతో సరిపెడతారని, ఎవరు ఎక్కడికి పోవాలన్నా పోవచ్చని కూడా రాశాడు. రాజు పేరు మాత్రం ఎక్కడా రాయలేదు.

ఒక దేశానికి స్వర్ణయుగం ఎప్పుడొచ్చిందో తేల్చే పని ఎంత చిక్కుగా ఉంటుందో ఈ కొద్ది వాక్యాల్లోనే కనిపిస్తుంది. జరిమానాతో సరిపెట్టిన రాజ్యం అన్న మాట తీసుకున్నవాళ్ళకు అది బంగారు కాలం. కర్రముక్క చప్పుడు విన్నవాళ్ళకు కాదు. రెండూ ఒకే మనిషి కళ్ళారా చూసి రాసినవి కాబట్టి ఒకటి ఉంచుకుని రెండోది కొట్టేయడం కుదరదు. అయినా నూరేళ్ళకు పైగా జరిగింది ఎక్కువగా అదే.

గుప్తులకు స్వర్ణయుగం అన్న పేరు వాళ్ళ కాలంలో వచ్చింది కాదు. నిజానికి మధ్యలో వాళ్ళ పేర్లే మరుగున పడిపోయాయి. విక్రమార్కుడి కథలు జనం నోట నిలిచాయి గానీ సముద్రగుప్తుడు ఎవరో చెప్పగలిగినవాళ్ళు లేరు. పురాణాల్లో గుప్తుల ప్రస్తావన ఒకటి రెండు ముక్కలే. ఇప్పుడు అలహాబాదు కోటలో ఉన్న అశోకుడి రాతి స్తంభం మీద, అశోకుడి శాసనాల సరసనే హరిషేణుడు అనే కవి రాసిన సముద్రగుప్తుడి ప్రశస్తి ఉంది. అదే స్తంభం మీద జహంగీరు కూడా తన వంశావళి చెక్కించాడు. ఆ ప్రశస్తిని పండితులు చదివి అర్థం చెప్పింది 1830లలో. అంటే గుప్తుల గొప్పతనం తరతరాలుగా మన పెద్దలు చెబుతూ వచ్చినది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో రాళ్ళ మీద, నాణేల మీద చదివి కూడగట్టినది.

కూడగట్టినవాళ్ళకు తమ అవసరాలు తమకున్నాయి. 1817లో జేమ్స్ మిల్ అనే బ్రిటిష్ రచయిత మన చరిత్రను హిందూ, ముస్లిం, బ్రిటిష్ అని మూడు ముక్కలు చేశాడు. ఇక్కడివాళ్ళకు తమను తాము ఏలుకోవడం చేతకాదన్నది బ్రిటిష్ పాలకుల మాటల్లో తరచూ వినిపించిన ధోరణి. దానికి జవాబు వెతికిన జాతీయవాద చరిత్రకారులకు గుప్తులు అచ్చంగా సరిపోయారు. ఇక్కడి వంశం, సంస్కృత కావ్యాలు, గణితం, గెలిచిన యుద్ధాలు, ఉత్తరాదిని చాలా వరకు ఒక గొడుగు కిందికి తెచ్చిన ఏలుబడి. సముద్రగుప్తుణ్ణి "భారత నెపోలియన్" అన్నది విన్సెంట్ స్మిత్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు. యూరపు కొలబద్ద అలా ముందే చేతికొచ్చింది, మనవాళ్ళు దానితోనే కొలిచారు. గుప్తులు జాతీయతను లేపలేదు, జాతీయతే గుప్తులను లేపింది అన్న అర్థంలో చరిత్రకారుడు డి.డి. కోశాంబి తర్వాత చేసిన విమర్శ ఈ సంగతినే పట్టుకుంది. మాట కటువుగా ఉన్నా కాలక్రమం చూస్తే కాదనడానికి లేదు.

అంతమాత్రాన గుప్తుల కాలంలో ఏమీ లేదనడం మరో పొరపాటు. నలందా మహావిహారం ఆ కాలంలోనే మొదలైంది. ఢిల్లీలోని మెహ్రౌలీలో ఉన్న ఇనుప స్తంభం ఏడు మీటర్లకు పైగా పొడవు, ఆరు టన్నులకు పైగా బరువు. పదహారు వందల ఏళ్ళ ఎండావానలకు ఓర్చి నిలబడి ఉంది. చేతి పనితనం తెలిసినవాళ్ళు ఎవరైనా దాని ముందు ఒక్క క్షణం ఆగుతారు. ఈ పనులు గొప్పవే. వాటిని ఏ పద్దులో రాస్తున్నాం అన్న దగ్గర మెలిక ఉంది.

అజంతా సంగతే చూడండి. గుప్తుల కాలపు కళ అనగానే మన కళ్ళ ముందు మెదిలేది పద్మపాణి బొమ్మ. కానీ అజంతా గుహల రెండో విడత పని చాలావరకు దక్కనును ఏలిన వాకాటక రాజు హరిషేణుడి ఏలుబడిలో, ఐదో శతాబ్దం రెండో సగంలో జరిగింది (ప్రశస్తి రాసిన కవి హరిషేణుడు వేరు, ఈ రాజు వేరు). వాకాటకులకు గుప్తులతో వియ్యం ఉంది గానీ అది గుప్తుల రాజ్యం కాదు. ఆర్యభటుడు తన 23వ ఏట, 499లో తన గ్రంథం రాశాడు. అప్పటికి హూణుల దాడులతో గుప్త సామ్రాజ్యం సడలిపోతోంది. కాళిదాసు కాలమైతే పండితుల మధ్య ఇంకా తెగలేదు. రెండో చంద్రగుప్తుడి ఆస్థానంలో ఆయన్ను కూర్చోబెట్టింది ఎక్కువగా సంప్రదాయమే. ఒక్కసారి ఒక కాలానికి స్వర్ణయుగం అని పేరు పడితే చుట్టుపక్కల మంచిదంతా దాని లెక్కలోకి వచ్చి చేరుతుంది. పక్క రాజ్యపు చిత్రకారులు, తర్వాతి తరం గణితజ్ఞులు, ఎప్పటివాడో తెలియని కవి, అందరూ ఒక రాజు కొలువులో కనిపిస్తారు.

చెడ్డ సంగతులకు ఈ నియమం వర్తించకపోవడం గమనించాలి. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో 510 నాటి చిన్న శాసనం ఒకటుంది. గుప్త రాజు భానుగుప్తుడి తరఫున పోరాడి చనిపోయిన గోపరాజు అనే వీరుడి చితిలో అతని భార్య కూడా ప్రవేశించిందని అది చెబుతుంది. సతీ ఆచారానికి దొరికిన తొలి శాసన సాక్ష్యాల్లో ఇదొకటి. 499 నాటి ఆర్యభటుణ్ణి స్వర్ణయుగంలో కలుపుకున్నవాళ్ళు 510 నాటి ఈ స్త్రీని మాత్రం పతన కాలం కింద రాస్తారు. పదకొండేళ్ళ తేడాలో యుగం మారిపోతుంది.

పేరులోనే బంగారం ఉంది కాబట్టి బంగారం లెక్క కూడా చూడాలి. తొలి గుప్తుల దీనారం ఎనిమిది గ్రాములకు కాస్త తక్కువ తూగేది. స్కందగుప్తుడి కాలానికి బరువు తొమ్మిది గ్రాములు దాటింది, కానీ అందులో అసలు బంగారం పాలు తగ్గింది. ఆ తర్వాతి రాజుల నాణేల్లో ఇంకా తగ్గింది. హూణులతో యుద్ధాల ఖర్చు దీనికి కారణమని చాలామంది చరిత్రకారుల ఊహ. 1946లో రాజస్థాన్‌లోని బయానా దగ్గర పొలంలో ఒక రాగి పాత్ర బయటపడింది. అందులో 1,800కు పైగా గుప్తుల బంగారు నాణేలున్నాయి. వీణ వాయిస్తున్న సముద్రగుప్తుడు, సింహాన్ని కొడుతున్న చంద్రగుప్తుడు, ఒక్కో నాణెం ఒక్కో చిన్న శిల్పం. ఎవరో భయపడి పాతిపెట్టి తిరిగి తవ్వుకోలేకపోయిన సొమ్ము అది. ఆ పాతిపెట్టిన చేతిలో ఉన్నంత భయం స్వర్ణయుగం పాఠంలో ఎక్కడా కనిపించదు.

ఇక తెలుగువాళ్ళ సొంత స్వర్ణయుగం. ఎవరినడిగినా ముందు వచ్చే పేరు శ్రీకృష్ణదేవరాయలు, 1509 నుంచి 1529 వరకు. రత్నాలు వీధుల్లో రాశులు పోసి అమ్మేవారన్న మాట చిన్నప్పుడు వినని తెలుగు పిల్లలు తక్కువ. ఇది ఉత్త కథ కాదు. రాయల కాలంలోనే విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అక్కడి బజారులో కెంపులు, వజ్రాలు, పచ్చలు, ముత్యాలు అమ్ముతారని రాశాడు, ఊరిని రోముతో పోల్చాడు. గుప్తుల్లా రాయల్ని ఎవరూ తవ్వి తియ్యాల్సిన పని పడలేదు. తెనాలి రామలింగడి కథల్లో, తిరుమలలో ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడిన లోహ విగ్రహంలో, ఆయన జనం మధ్యే ఉండిపోయాడు.

ఆ నాటి రైతు ఎలా ఉన్నాడని అడిగితే జవాబు వేరే పోర్చుగీసు దగ్గర ఉంది. రాయలు పోయిన కొన్నేళ్ళకు అక్కడ ఉన్న గుర్రాల వర్తకుడు నూనిజ్, భూమంతా రాజుదని, నాయకులు దాన్ని పట్టి రైతులకు ఇస్తారని, రైతులు పండినదాంట్లో పదింట తొమ్మిది పాళ్ళు ఆ దొరలకు కట్టాలని రాశాడు. ఆ అంకె అక్షరాలా నిజమేనా అని చరిత్రకారులు అనుమానించారు, అనుమానించడం సబబే. సగానికి తగ్గించి చూసినా రత్నాల రాశుల పక్కన అది చిన్న సంగతి కాదు.

అజంతా విషయంలో జరిగినదే ఇక్కడా జరిగింది. అష్టదిగ్గజాలు అంటే రాయల భువనవిజయంలో ఎనిమిది ఆసనాల మీద కూర్చున్న ఎనిమిది మంది కవులని మన మనసులో బొమ్మ పడిపోయింది. పెద్దన, తిమ్మన రాయల కవులే, అందులో పేచీ లేదు. కానీ రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితం ఇచ్చింది 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక పెనుగొండ నుంచి ఏలిన తిరుమలరాయలకు. పింగళి సూరన ఆశ్రయం నంద్యాల ప్రభువుల దగ్గర. అంటే రాజధాని కాలి బూడిదైన తర్వాత కూడా తెలుగు కావ్యం అంత బలంగా నిలబడింది. రాయల కొలువులోనే అన్నీ పుట్టాయనుకుంటే ఈ సంగతి కనబడకుండా పోతుంది. ఓడిపోయిన రాజ్యంలో, కుంగిపోయిన కొలువులో కవులు అలా రాయగలగడం రాయల వైభవం కంటే ఆశ్చర్యం కలిగించే విషయం.

తెలుగులో అన్నిటికంటే పెద్ద పని ఏదంటే భారతం తెలిగించడం. దానికి మూడు శతాబ్దాలు పట్టింది. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి దగ్గర నన్నయ, పదమూడో శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కాలంలో తిక్కన, పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజుల నీడలో ఎర్రన. మూడు చిన్న రాజ్యాలు. మనుమసిద్ధికైతే సొంత సింహాసనం తిరిగి దక్కించుకోవడానికి కాకతీయుల సాయం కావాల్సి వచ్చింది. ఈ ముగ్గురు రాజుల కాలాన్నీ తెలుగువారి స్వర్ణయుగం అని ఎవరూ అనరు. సాహిత్యాన్ని కొలబద్దగా పెట్టుకున్నా రాజ్య విస్తీర్ణం, రాజు కీర్తి తెలియకుండానే తక్కెడలో కూర్చుంటున్నాయని దీన్ని బట్టి తెలుస్తుంది.

తెలంగాణలో ఇదే ప్రశ్న వేస్తే జవాబు కాకతీయుల వైపు తిరుగుతుంది. 1199 నుంచి 1262 వరకు ఏలిన గణపతిదేవుడు, ఆ తర్వాత రుద్రమదేవి. అక్కడ స్వర్ణయుగాన్ని కావ్యాల్లో కాదు, చెరువుల్లో కొలుస్తారు. పాకాల, రామప్ప, లక్నవరం, ఎనిమిది వందల ఏళ్ళ నాటి కట్టలు, తూములు, ఇప్పటికీ వాటి కింద పొలాలు పారుతున్నాయి. 2015లో చెరువుల పూడికతీత పథకం మొదలుపెట్టినప్పుడు దానికి మిషన్ కాకతీయ అనే పేరే పెట్టారు. రాష్ట్ర చిహ్నంలో కాకతీయ తోరణం, చార్మినార్ రెండూ ఉన్నాయి. రాచరికపు గుర్తులు ప్రజల ప్రభుత్వపు ముద్రలో ఎందుకని 2024లో వాటిని మార్చే ప్రతిపాదన రాగానే పెద్ద వివాదం రేగింది. ఆంధ్రప్రదేశ్ ముద్రలో ఉన్నది వీటికి వెయ్యేళ్ళ ముందటి అమరావతి స్తూపపు పూర్ణఘటం. మాట్లాడే భాష ఒకటే, ఎంచుకున్న మంచి కాలాలు మాత్రం వేరు. కరువు చూసిన నేల నీళ్ళు నిలిపినవాణ్ణి గుర్తుపెట్టుకుంటుంది. ఇందులో తప్పేమీ లేదు. పైగా కావ్యం కంటే చెరువు కింది కులాల వరకు కొంచెమైనా అందే సొత్తు కాబట్టి, కొలబద్దగా అదే మేలనిపిస్తుంది. ఆ నీళ్ళలో ఎవరి పాలు ఎంత అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

మన గణతంత్రం కూడా ఒక ఎంపిక చేసింది. 1950 జనవరి 26న జాతీయ చిహ్నంగా తీసుకున్నది సారనాథ్‌లోని అశోకుడి సింహాల స్తంభశీర్షం, గుప్తుల గరుడ ధ్వజం కాదు. పాఠ్యపుస్తకం ఒక యుగాన్ని బంగారం అంది, ప్రభుత్వ ముద్ర దానికి ఆరు శతాబ్దాల ముందున్న ఇంకో యుగాన్ని ఎంచుకుంది. కళింగ యుద్ధం తర్వాత తన వల్ల పోయిన ప్రాణాల లెక్క తానే రాతి మీద చెక్కించి పశ్చాత్తాపం చెప్పుకున్న రాజు అశోకుడు. ప్రపంచ చరిత్రలోనే అలాంటివాళ్ళు అరుదు కాబట్టి, ఆ ఎంపిక వెనక ఉన్న ఆలోచన లోతైనది.

ఈ పేరు మీద బయట దేశాల్లోనూ గొడవలున్నాయి. నెదర్లాండ్స్‌లో పదిహేడో శతాబ్దాన్ని స్వర్ణ శతాబ్దం అంటారు. రెంబ్రాంట్, వెర్మీర్, ఆమ్‌స్టర్‌డాం కాలువలు అన్నీ ఆ కాలానివే. 2019లో ఆమ్‌స్టర్‌డాం మ్యూజియం ఆ మాట ఇక వాడబోమని ప్రకటించింది. ఆ శతాబ్దంలో ఉన్న పేదరికం, యుద్ధాలు, బానిసల వ్యాపారం ఆ పేరు కింద దాగిపోతున్నాయన్నది వాళ్ళ వాదన. అప్పటి ప్రధాని మార్క్ రుటె అది అర్థంలేని పని అన్నారు. ఆ బంగారంలో కొంత ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే మచిలీపట్నం దాకా వస్తే చాలు. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ కొద్ది ఏళ్ళలోనే అక్కడ కోఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టింది. తూర్పు దీవుల్లో జాజికాయ, లవంగం ఇచ్చేవాళ్ళు వెండి కంటే కోరమండల్ నూలు బట్ట అడిగేవారు. ఆ బట్టలో కొంత నేసింది ఈ తీరపు తెలుగు సాలెలు. జాజికాయ పండే బండా దీవుల మీద 1621లో కంపెనీ సేనలు దాడి చేశాయి. అంతకుముందు అక్కడ పదిహేను వేల మంది దాకా ఉండేవారని అంచనా, తర్వాత మిగిలింది వెయ్యి మందో ఏమో. అద్భుతమైన వెలుగుతో వెర్మీర్ గీసిన గదుల గోడలకు వేలాడే దేశపటాలను ఈ సంగతి తెలిసి చూస్తే వేరుగా కనిపిస్తాయి. బొమ్మ గొప్పతనం తగ్గదు. ఆ శతాబ్దం మొత్తానికి ఒకే పేరు పెట్టాలన్న ఉబలాటం తగ్గుతుంది.

అంకెలతో తేల్చవచ్చు కదా అనేవాళ్ళున్నారు. ఆర్థిక చరిత్రకారుడు అంగస్ మాడిసన్ అంచనాల్లో క్రీస్తుశకం మొదట ప్రపంచ ఉత్పత్తిలో మన ఉపఖండం వాటా దాదాపు మూడో వంతు, 1700లో దాదాపు నాలుగో వంతు, 1950కి నాలుగు శాతం దగ్గర. వలస పాలన ఎంత పీల్చిందో చెప్పడానికి ఈ అంకెలు తరచూ వాడతారు. కానీ స్వర్ణయుగం వెతకడానికి ఇవి పనికిరావు. పాత కాలంలో వాటా ఎక్కువ ఉండటానికి ముఖ్య కారణం జనాభా ఎక్కువ ఉండటం. తలసరి బతుకు గురించి అది ఏమీ చెప్పదు. పైగా ఈ లెక్కనే నమ్మితే 1700 నాటి వైభవం ఔరంగజేబు ఖాతాలో పడుతుంది. వాటా లెక్కలు చెప్పేవాళ్ళలో దానికి ఒప్పుకునేవాళ్ళు తక్కువ.

పుట్టిన బిడ్డ బతకడం కొలతగా తీసుకుంటే ఏమవుతుంది? 1951 ప్రాంతంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళు, ఇప్పుడు 70కి దగ్గర. 2020 నాటికి వెయ్యి మంది పిల్లలు పుడితే ఏడాది నిండకుండా పోయేవాళ్ళు 28 మంది. గుప్తుల కాలపు లెక్క ఎవరూ రాసి పెట్టలేదు, కానీ మందులు, టీకాలు లేని ఏ రాజ్యంలోనూ రాజు బిడ్డకు సైతం ఇంత భరోసా ఉండేది కాదు. ఈ కొలతతో చూస్తే పాతకాలం ఏదీ పోటీకి నిలవదు. అయినా ఇప్పటి కాలాన్ని స్వర్ణయుగం అనడానికి ఎవరికీ నోరు రాదు. ఇందులో మన నమ్మకాల బరువూ ఉంది. కృతయుగంలో నాలుగు కాళ్ళ మీద నడిచిన ధర్మం కలియుగానికి ఒంటికాలి మీదికి వచ్చిందని విన్న చెవులకు మంచి ఎప్పుడూ వెనకే ఉంటుంది.

అందుకే "ఎప్పుడు" అనడానికి ముందు "దేంట్లో", "ఎవరికి" అన్న రెండు ప్రశ్నలు పడాలి. ఐదో శతాబ్దం శిల్పానికి, గణితానికి గొప్ప కాలం, ఊరి బయట ఉంచినవాళ్ళకు కాదు. పదమూడో శతాబ్దం చెరువులకు గొప్ప కాలం. ఇలా ఒక్కో పనికి ఒక్కో కాలం, ఒక్కో చోటు రాసుకుంటూ పోతే పిల్లలకు పరీక్షలో రాయడానికి కాస్త కష్టమే. కానీ అజంతా చిత్రకారులకు వాళ్ళ రాజ్యం, సూరనకు ఆయన నంద్యాల, ఏరణ్ స్త్రీకి ఆమె చోటు దక్కుతాయి.

సముద్రగుప్తుడి ప్రశస్తిలో దక్షిణాది రాజులు పన్నెండు మంది పేర్లున్నాయి. పట్టుకుని, దయతలచి, విడిచిపెట్టాడట. ఆ జాబితాలో పిష్టపురం, అంటే మన పిఠాపురం రాజు ఉన్నాడు. వేంగి రాజు హస్తివర్మ కూడా ఉన్నాడు. ఆ వేంగి ఇప్పుడు ఏలూరు దగ్గరి పెదవేగి. అదే పెదవేగిలో వేంగిని ఏలిన శాలంకాయన వంశపు రాజు నందివర్మ వేయించిన రాగి రేకులు దొరికాయి. అందులో ఆయన తన ముత్తాత హస్తివర్మ పేరు చెప్పుకుంటూ, అనేక యుద్ధాల్లో పేరు మోసినవాడని రాయించాడు. సముద్రగుప్తుడి ఊసు అందులో లేదు.